పనిచేయు చేయి కావలెను

మైపాడు తీరమున వల లాగువానికి చేయి పోయిన కూడు పోయినట్లే. కాలు పోయినవారికై 1968లో జయపురమున డాక్టరు సేథీయు, శిల్పి రామచంద్రశర్మయు రబ్బరు పాదమును కల్పించిరి. బురదలో నడచుటకును, నేలపై కూర్చుండుటకును పనికివచ్చుటచేతనే యది దేశమున నిలిచినది. చేతి విషయమునను అట్టి యోచనయే కావలెను. చొక్కాచేతిలో అందముగ వ్రేలాడునది చూపరుల తృప్తికే. అమెరికాలో రంపపుమిల్లున చేయి కోల్పోయిన డోరెన్సు 1912లో తనకై తానే చీలిక కొక్కెమును కల్పించుకొనెను. భుజము కదల్చిన తీగ లాగి దానిని తెరచును, రబ్బరుపట్టీ మూయును. మోటారు లేదు, బ్యాటరీ లేదు. మనకును అట్టిదే చాలును. అయితే ఉప్పునీట తుప్పుపట్టరాదు, తీగ తెగిన ఊరి సైకిలు దుకాణముననే బాగుపడవలెను. నెల్లూరి ఇంజనీరింగు విద్యార్థులు బొమ్మలు గీయుటకు ముందు ఒక్క ఉదయము మైపాడునకు పోయి వలత్రాడు పట్టి చూడవలెనని మా విన్నపము.