దిబ్బ ఎక్కితే చరిత్రే!

పదో తరగతి ఫలితాలు వచ్చాక తెనాలిలో ఏ సైకిల్ షాపు ముందు కాసేపు నిలబడినా ఈ మాటలు వినపడతాయి. 'నాన్నా, మౌంటెన్ బైకే కావాలి' అని కొడుకు. 'మనకి కొండలెక్కడున్నాయిరా? ట్యూషన్‌కి వెళ్లి రావడానికి ఇరవయ్యొక్క గేర్లు ఎందుకూ?' అని తండ్రి. షాపాయన ఇద్దరి మాటా వింటూ తలొంచుకుని హ్యాండిల్ బిగిస్తుంటాడు. బేరం ఎటు తెగుతుందో ఆయనకు ముందే తెలుసు. చివరికి ఇంటికి చేరేది లావు టైర్ల సైకిలే.

నిజానికి తండ్రి లెక్కలో తప్పేమీ లేదు. తెనాలి సముద్రమట్టానికి పది మీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. బాపట్ల, రేపల్లె అంతకన్నా పల్లం. తెనాలిలో బయల్దేరిన నీటిచుక్క సముద్రంలో కలిసేలోగా దిగేది మూడంతస్తుల మేడంత ఎత్తు, అంతే! ఆ కాస్త వాలునే నమ్ముకుని ఆనాటి ఇంజినీర్లు డెల్టా అంతా కాలవలు పారించారు. మరి ఇలాంటి చోట కొండ సైకిలుకు పనేముంటుంది?

ఉంది. చేత్తో చదును చేసినట్టున్న ఈ నేలమీద ఎక్కడైనా ఎత్తుగా కనిపించిందంటే, అది చాలావరకు ఎవరో ఒకప్పుడు చెమటోడ్చి కట్టిందే. కాలవ కట్ట, రైలు కట్ట, లాకు, గుడి అరుగు, పాత స్తూపం దిబ్బ... మిట్టలు వెతుక్కుంటూ సైకిలు తొక్కితే దొరికేది చరిత్రే.

ఇంతకీ ఈ సైకిలు పుట్టింది ఎక్కడ? అమెరికాలో, శాన్‌ఫ్రాన్సిస్కో పక్కనున్న మరీన్ కౌంటీలో. 1970ల్లో అక్కడి కుర్రాళ్లు కొందరు ఎవరికీ పట్టని పాత సైకిళ్లను, అదీ బరువైన లావు టైర్లవాటిని ఏరి తెచ్చుకుని కొండమీదికి తీసుకెళ్లేవారు. అక్కణ్నుంచి మట్టిదారి వెంట కిందికి దూసుకురావడమే ఆట. రెండు మైళ్ల దారిలో సుమారు 1,300 అడుగులు దిగాలి. వాటికి బ్రేకు వెనక చక్రం ఇరుసులోనే ఉండేది. కిందికొచ్చేసరికి ఇరుసు కాగిపోయి లోపలి గ్రీజు పొగైపోయేది. మళ్లీ గ్రీజు కూరితే తప్ప ఇంకోసారి దిగడం కుదరదు. అందుకే 1976లో మొదలైన ఆ పందేనికి 'రీప్యాక్' అని పేరొచ్చింది. తర్వాత జో బ్రీజ్ ఈ పనికోసమే ప్రత్యేకంగా ఫ్రేములు చేశాడు. గ్యారీ ఫిషర్, చార్లీ కెల్లీ 1979లో 'మౌంటెన్‌బైక్స్' పేరుతో వ్యాపారం పెట్టారు. 1996లో అట్లాంటా ఒలింపిక్స్‌లో దానికి పతకాలు కూడా ఇచ్చారు. అంటే మొదట్లో అదీ మన పాలవాళ్ల సైకిలు లాంటిదే... పాతది, మొండిది, బరువైనది.

డెల్టాలో ఆ లావు టైర్లు పనికొచ్చేది ఎత్తు ఎక్కడానికి కాదు, బురద దాటడానికి. ఇక్కడిది నల్లమన్ను. వాన పడితే బంకలా సాగుతుంది. మామూలు సైకిలైతే ఆ బంక చక్రానికీ మడ్‌గార్డుకూ మధ్య ఇరుక్కుని నాలుగు గజాలకోసారి ఆపేస్తుంది. దిగి పుల్ల పెట్టి గీక్కోవాల్సిందే. పొలంగట్ల మీద అడ్డతొక్కుడుతో సైకిలు నేర్చుకున్న తాతయ్యల్ని అడిగితే ఆ తంటా గురించి గంటసేపు చెబుతారు. చక్రం చుట్టూ ఖాళీ ఎక్కువుండే కొండ సైకిలుకు ఆ బాధ తక్కువ. తుమ్మముళ్ల బాధ మాత్రం దీనికీ తప్పదు. గాలి పంపు, పంక్చరు సామాను లేకుండా కట్ట ఎక్కితే నడక ఖాయం.

ఇక కొండకు బదులుగా ఇక్కడ ఉన్నది గాలి. ఎదురుగాలిలో చదును రోడ్డు కూడా ఘాట్ రోడ్డే. వేసవిలో పొద్దున్నే దక్షిణానికి బయల్దేరి, సాయంత్రం సముద్రం మీంచి పైరగాలి లేచాక తిరుగుముఖం పడితే వీపు మీద ఎవరో చెయ్యేసి తోస్తున్నట్టే ఉంటుంది. వరస తిరగేస్తే చెప్పేదేముంది, అదే గాలి ముఖాన కొడుతుంది.

బయల్దేరడానికి తెనాలికి మించిన చోటు లేదు. నాటకాలూ సినిమా నటులూ పుణ్యమా అని 'ఆంధ్రా ప్యారిస్' అనిపించుకున్న ఈ ఊరి మధ్యనుంచి మూడు కాలవలు పారతాయి. విజయవాడ దగ్గర కృష్ణకు అడ్డంగా 1855 నాటికి కట్టిన ఆనకట్ట పుణ్యమది. దాని స్థానంలో 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. లారీల మోత ఉన్న పెద్దరోడ్డును వదిలేసి కాలవ కట్ట పట్టుకుంటే చాలు. ఒక పక్క నీళ్లు, ఇంకో పక్క వరిచేలు. కోతలయ్యాక అదే చేలో మినుము పచ్చగా పరుచుకుంటుంది. తెనాలి నుంచి రేపల్లెకు 1916లో వేసిన రైలుమార్గం కూడా చాలాచోట్ల కనుచూపు మేరలోనే ఉంటుంది. వేమూరు దాటి, మొత్తం పాతిక కిలోమీటర్ల లోపే తొక్కితే భట్టిప్రోలు.

ఇక్కడ దిగాలి. సైకిలుకు స్టాండు వేసి మరీ దిగాలి.

ఊళ్లో విక్రమార్కకోట దిబ్బ లాంటి పేర్లతో జనం పిలుచుకున్న మట్టిదిబ్బల కింద ఉన్నది బౌద్ధ మహాస్తూపం. అలెగ్జాండర్ రీ 1892లో తవ్వించినప్పుడు దాని అడ్డుకొలత సుమారు 40 మీటర్లని తేలింది. నడిమధ్యన గొయ్యి తీయిస్తే మూడు రాతి కరండాలు బయటపడ్డాయి. లోపల స్ఫటికపు భరిణెలు, ధాతువులు, బంగారు పూలు, ముత్యాలు! రాతిమీద అక్షరాలు. జర్మన్ పండితుడు బ్యూలర్ వాటిని చదివి 1894లో ప్రకటించాడు. భాష ప్రాకృతం. అందులో కుబీరకుడనే రాజు పేరుంది. అంతకన్నా ముచ్చటేమిటంటే రాజు పేరుతోపాటు దాతల పేర్లు, సంఘాల్లో సభ్యుల పేర్లు జాబితాలుగా ఉన్నాయి. ఇప్పుడు గుడి గోడలమీద చందాదార్ల పేర్లు చెక్కిస్తున్నామే, అలాగన్నమాట. ఆ అక్షరాల తీరు అశోకుడి బ్రాహ్మికి కొంచెం భిన్నం. హల్లుకు 'అ' కలిస్తే దానికి విడిగా ఓ గుర్తు పెట్టారు. తెలుగు లిపి నడిచొచ్చిన దారిలో ఇదో తొలి మెట్టని చెప్పే పండితులున్నారు. వాళ్ల మధ్య కాలం గురించి వాదనలున్నా, రెండువేల సంవత్సరాలకు పైబడిన రాతలనడంలో అనుమానం లేదు.

కానీ రీ వచ్చేసరికే స్తూపంలో చాలా భాగం లేదు. ఎవరు పట్టుకెళ్లారు? దొంగలు కాదు. ఆనకట్ట కట్టాక డెల్టా అంతటా కాలవలు, లాకులు, రోడ్లు ఒక్కసారిగా మొదలయ్యాయి. ఈ నేలలో ఎంత తవ్వినా మన్నే గానీ రాయి దొరకదు. బండ్లమీద దూరంనుంచి తెప్పించాలంటే ఖర్చు. కళ్లెదుట చూస్తే పెద్ద ఇటుకల గుట్ట, నున్నటి పాలరాతి పలకలు! ఇటుకలు రోడ్డులోకి వెళ్లాయి. పలకలు పక్కనే ఉన్న వెల్లటూరు దగ్గర కాలవ తూము కట్టుబడిలోకి వెళ్లాయి. ఇదంతా ఆనాటి అధికారుల రాతల్లోనే ఉంది. చేసినవాళ్లను తిట్టుకోవడం సులువే. అయితే ఆ తూములు పారించిన నీళ్లతోనే ఈ ఊళ్లు రెండు పూటలా అన్నం తిన్నాయన్నదీ నిజమే. ఒక ఎత్తును పడగొట్టి ఇంకో ఎత్తు కట్టారు. ఎంత పోయిందో చూసుకోకుండా పడగొట్టడం మాత్రం క్షమించరాని సంగతి. అమరావతిలోనూ ఇదే జరిగింది. 1797లో కల్నల్ మెకంజీ మొదటిసారి వెళ్లేసరికే అక్కడి పలకలు కట్టుబడులకు తరలిపోతున్నాయి. అమరావతి కథ బడిపిల్లలకు కూడా తెలుసు. దారిలో ఉన్న భట్టిప్రోలు కథ పక్క మండలంలోనే తెలియదు.

దొరికిన వాటిలో చాలావరకు మద్రాసు మ్యూజియం చేరాయి. ధాతువుల్లో కొంత భాగం 1920లో కలకత్తాకు వెళ్లి, అక్కడ మహాబోధి సొసైటీ కట్టిన ధర్మరాజిక విహారంలో కొలువుదీరింది. ఊళ్లో మిగిలింది ఇటుకల పీఠం. ఎండపూట దాని చుట్టూ ఓ ప్రదక్షిణ చేసి, మళ్లీ సైకిలెక్కి వెల్లటూరు వైపు సాగితే ఓ చిత్రమైన ఊహ వస్తుంది... చక్రం కింద నలిగే ఆ మట్టిలో ఎంత భాగం స్తూపమో! తండ్రులు పిల్లల్ని కార్లలో ఈ దారినే సూర్యలంక సముద్రానికి తీసుకెళ్తారు. గంటకు ఎనభై కిలోమీటర్ల వేగంలో భట్టిప్రోలు బోర్డు చదివే టైము కూడా ఉండదు. సైకిలుకైతే ఆగడానికి కారణం కూడా అక్కర్లేదు. చెరుకురసం బండి కనిపిస్తే చాలు.

వెల్లటూరు నుంచి రేపల్లె ఎంతో దూరం లేదు. అక్కడ భోజనం కానిచ్చి ఓపికుంటే దక్షిణాన నిజాంపట్నం చూసి రావచ్చు. ఇప్పుడది చేపల రేవు. ఒకప్పుడు పెటపొలి పేరుతో అంతర్జాతీయ వర్తకపు రేవు. 1606లో డచ్చివాళ్లు, 1611లో 'గ్లోబ్' అనే ఓడలో ఇంగ్లిషువాళ్లు వచ్చింది ఇక్కడికే. ఆ ఓడ ఇక్కణ్నుంచే మచిలీపట్నం వెళ్లింది. ఉప్పుగాలికి సైకిలు చైను తుప్పు పట్టకుండా ఇంటికెళ్లగానే నూనె వేయడం మరవద్దు.

అక్కణ్నుంచి బాపట్ల వైపు తిరిగితే దారిలో చందవోలు. ఇవాళ బండ్లమ్మ తల్లి గుడికి వచ్చే జనానికి తెలిసిన ఈ పల్లె, వెలనాటి చోడుల రాజధాని అంటే ఓ పట్టాన నమ్మబుద్ధి కాదు. 12వ శతాబ్దంలో కృష్ణకు ఈవలి తీరాంధ్రను ఏలినవాళ్లు కాపురమున్న చోటు ఇది. లింగోద్భవస్వామి గుడి ఆనాటి వైభవానికి ఆనవాలు.

బాపట్ల దగ్గర పడేకొద్దీ నల్లమన్ను పోయి ఇసుక తగులుతుంది. పక్కన జీడిమామిడి, సరుగుడు తోటలు. ఇక్కడి ఇసుక మిట్టలు మాత్రం మనుషులు కట్టినవి కావు. సముద్రం వెనక్కి జరుగుతూ వదిలేసి వెళ్లిన పాత తీరాలవి. డెల్టాలో దేవుడిచ్చిన ఎత్తులు ఇవే. లావు టైర్లు కూడా ఇక్కడ కూరుకుపోతాయి. గాలి కొంచెం తగ్గించుకుంటే పట్టు దొరుకుతుంది గానీ, మళ్లీ తారురోడ్డెక్కాక నింపుకోవాలి. భావపురి బాపట్ల కావడానికి కారణమైన భావనారాయణస్వామి గుడి నడిబొడ్డునే ఉంది. చోళుల కాలంనాటి శాసనాలున్న గుడి అది. 1913లో తొలి ఆంధ్ర మహాసభ జరిగిందీ ఈ ఊళ్లోనే. తెలుగువాళ్లకు విడిగా ఓ రాష్ట్రం కావాలన్న మాట గట్టిగా చర్చకొచ్చిన సభ. ఆ రాత్రికి బాపట్లలో ఆగి, మర్నాడు పొన్నూరు మీదుగా తెనాలి చేరుకుంటే చాలు. ఒక్కరోజులో అన్నీ చుట్టేయాలని చూస్తే గుళ్లు, దిబ్బలు ఏవీ గుర్తుండవు. కాళ్లనొప్పులు మాత్రం గుర్తుంటాయి.

ఇంత చెప్పినా ఇరవయ్యొక్క గేర్ల కుర్రాడు ఊరుకోడు. నిజమైన కొండ ఏదీ అంటాడు. అదీ ఉంది, కొండవీడు. తెనాలి నుంచి గుంటూరు మీదుగా సుమారు యాభై కిలోమీటర్లు. రెడ్డిరాజుల రాజధాని. పెదకోమటి వేమారెడ్డి కొలువులో శ్రీనాథుడు విద్యాధికారిగా ఉన్న చోటు. 1515లో శ్రీకృష్ణదేవరాయలు గెలుచుకున్న కోట. ఇప్పుడు పైకి ఘాట్ రోడ్డు కూడా ఉంది. డెల్టాలో అస్సలు వాడని చిన్న గేర్లు ఇక్కడే అక్కరకొస్తాయి. ఒకటికి రెండుసార్లు దిగి నెట్టుకుంటూ వెళ్లినా పరువు పోదు. మలుపుల్లో కార్లు ఎదురొస్తాయి కాబట్టి హెల్మెట్ లేకుండా ఎక్కనే కూడదు.

ఎక్కేటప్పుడు 'కొండలెక్కడున్నాయిరా' అన్న తండ్రి మాట కచ్చితంగా గుర్తొస్తుంది. దిగేటప్పుడు మాత్రం మరీన్ కుర్రాళ్ల గ్రీజు గుర్తుపెట్టుకోవాలి. రెండు బ్రేకులూ మార్చి మార్చి నొక్కుతూ, మధ్యమధ్యలో ఆగి చక్రాలు చల్లబడనిచ్చి దిగాలి. కిందికొచ్చాక రిమ్ము ఎంత కాలిందో చూద్దామని వేలు పెట్టకండి.