పళ్లెంలో మంట... ఎక్కడ దొరుకుతుంది?

హోటల్లో దీపాలు కాస్త తగ్గుతాయి. చక్రాల బల్ల తోసుకుంటూ సర్వర్ మీ పక్కకొచ్చి నిలబడతాడు. దానిమీద చిన్న పొయ్యి, పొయ్యిమీద పెనం, పెనంలో కరుగుతున్న వెన్నా పంచదారా. అందులో గరిటెడు ఏదో పోసి పెనాన్ని ఓ పక్కకి వంచుతాడు. అంతే, భగ్గుమని నీలం మంట! పిల్లల కేకలు... పక్కబల్లల వాళ్ల సెల్‌ఫోన్లు పైకి లేస్తాయి. నిమిషం తిరక్కుండానే మంట దానంతటదే ఆరిపోతుంది. ఆ పాకాన్ని ఐస్‌క్రీమ్ మీద పోసి మన ముందు పెడతారు. హారతి పళ్లెం తెచ్చి, కళ్లకద్దుకోవద్దు తినమన్నట్టు ఉంటుంది!

దీన్ని ఫ్లాంబే అంటారు. ఫ్రెంచి మాట. మంట పెట్టినది అని అర్థం. సినిమాల్లోనో టీవీ వంటల పోటీల్లోనో చూసి 'మనం వెళ్తే ఎక్కడ దొరుకుతుంది?' అని అడిగేవాళ్లు చాలామందే ఉంటారు. జవాబు అంత తేలిక కాదు. ఒకప్పుడు పెద్ద హోటళ్లలో బల్ల దగ్గరే వండి వడ్డించడం మర్యాద. ఇప్పుడు అందుకు తర్ఫీదు పొందిన మనిషి కావాలి, బల్లల మధ్య జాగా కావాలి, పావుగంట ఒకే బల్ల దగ్గర నిలబడే తీరిక కావాలి. లెక్కలేసుకునే యజమానికి ఇవేవీ గిట్టుబాటు కావు. అందుకే చాలాచోట్ల ఆ బల్ల మూలపడింది.

అయినా మంటని వదలని ఊళ్లు కొన్నున్నాయి. వాటిలో మొదట చెప్పుకోవాల్సింది అమెరికాలోని న్యూ ఆర్లీన్స్.

అరటిపండ్ల రేవులో...

మిసిసిపీ నది ఒడ్డునున్న ఈ రేవు పట్టణంలో లాటిన్ అమెరికా నుంచి ఓడల మీద అరటిపండ్లు దిగేవి. ఊళ్లో ఎక్కడ చూసినా గెలలే. అక్కడ రెస్టారెంటు నడుపుతున్న ఓవెన్ బ్రెన్నన్‌కి 1951లో ఓ ఆలోచన వచ్చింది. ఇన్ని పండ్లుండగా వాటితో కొత్త వంటకం ఒక్కటైనా లేకపోతే ఎలా అని! చెల్లెలు ఎల్లా, వంటమాస్టరు పాల్ బ్లాంజే కలిసి దాని సంగతి చూశారు. వెన్న, బెల్లం రంగు పంచదార, దాల్చినచెక్క పొడి, అరటిపండు వాసనేసే లిక్కర్ కలిపి పాకం పట్టారు. అందులో నిలువుగా కోసిన అరటి ముక్కలు వేసి, పైన రమ్ పోసి వెలిగించి, వెనిలా ఐస్‌క్రీమ్ మీద వడ్డించారు. అదే బనానాస్ ఫోస్టర్. ఫోస్టర్ అంటే ఎవరో వంటవాడనుకునేరు. రిచర్డ్ ఫోస్టర్ అనే ఆయన బ్రెన్నన్ స్నేహితుడు. ఊళ్లో నేరాలు తగ్గించడానికి వేసిన పౌరుల కమిటీలో ఇద్దరూ కలిసి పనిచేశారు. వంటకానికి తన పేరు పెట్టించుకోవడానికి ఆయన చేసిందల్లా స్నేహమే!

1956లో ఆ రెస్టారెంటు రాయల్ వీధిలోని గులాబీరంగు భవనంలోకి మారింది. ఆ కుటుంబంలో తగాదాలు రావడం, 2013లో మూతపడటం, మరుసటి ఏడు అదే వంశంలోని మరొకరి చేతుల్లో మళ్లీ తెరుచుకోవడం... అదో పెద్ద సీరియల్. అరటిపండు మాత్రం ఆగలేదు. ఏటా 35,000 పౌండ్ల పండ్లు, అంటే దాదాపు 16 టన్నులు, ఈ ఒక్క వంటకానికే పోతాయని రెస్టారెంటు వాళ్ల లెక్క. తమాషా ఏమిటంటే అక్కడ దీన్ని రాత్రి భోజనం తర్వాతే తినాలని లేదు, పొద్దున ఫలహారంతోనూ తింటారు. పొద్దున్నే పెనంలో రమ్మా అని మనం ముక్కున వేలేసుకుంటాం కానీ వాళ్లకది సంప్రదాయం. మంట వెలుగుతుండగా సర్వర్ చిటికెడు దాల్చినచెక్క పొడి చల్లుతాడు. ఆ పొడి కాలుతూ కాకరపువ్వొత్తిలా రవ్వలు రాలుస్తుంది. ఫొటో తీసుకోవాల్సిన క్షణం అదే. ఇక పండు సంగతి... అక్కడ వాడేది గట్టిగా ఉండే రకం. మన చక్కెరకేళి వేస్తే పెనంలోనే పాయసమైపోతుందేమో!

అదే ఊళ్లో ఆంత్వాన్స్ అనే మరో రెస్టారెంటుంది. 1840 నుంచీ ఒకే కుటుంబం చేతుల్లో నడుస్తోంది. అక్కడ మంట కాఫీలోకి వచ్చింది. కఫే బ్రూలో అంటారు. గిన్నెలో బ్రాందీ, లవంగాలు, దాల్చినచెక్క, నిమ్మ తొక్క, పంచదార వేసి వెలిగించి, చివరగా చిక్కటి కాఫీ డికాక్షన్ పోసి మంటని చల్లార్చి చిన్న కప్పుల్లో ఇస్తారు. ఈ కాఫీ ఇచ్చే చోట్ల కొందరు సర్వర్లు నారింజ తొక్కని తెగకుండా ఒకే పొడుగు మెలికలా ఒలిచి, పైకెత్తి పట్టుకుని, దానిమీదుగా వెలుగుతున్న బ్రాందీని గరిటెతో జారవిడుస్తారు. చీకట్లో నీలం మంట మెట్లు దిగుతున్నట్టు కనిపిస్తుంది. నన్నడిగితే అరటిపండు కంటే ఇదే చూడదగ్గది.

చీజ్‌కి నిప్పు

అమ్మాయో అబ్బాయో చికాగోలో ఉంటే గ్రీక్‌టౌన్‌కి తీసుకెళ్లమనండి. అక్కడి మంట పేరు సగనాకి. పెనంలో వేయించిన చీజ్ పలకమీద బ్రాందీ పోసి వెలిగిస్తూ సర్వర్ 'ఓపా' అని అరుస్తాడు. బల్లచుట్టూ ఉన్నవాళ్లూ అరవాలి. తర్వాత నిమ్మరసం పిండి ఆర్పుతాడు. ఇది గ్రీసు నుంచి వచ్చిందనుకుంటారు. చీజ్ వేయించుకోవడం గ్రీకులదే కానీ నిప్పంటించడం మాత్రం చికాగో వాళ్ల పని. 1968లో పార్థినాన్ అనే రెస్టారెంటులో మొదలైందంటారు. అది 2016లో మూతపడింది. ఆచారం మాత్రం పక్కవాళ్లకి అంటుకుంది. శాకాహారులకో మాట. కొన్ని రకాల చీజ్‌ని దూడ కడుపులోంచి తీసే రెన్నెట్‌తో తోడుపెడతారు. పట్టింపు ఉంటే ముందే అడగండి.

అమెరికాలో మనవాళ్లు ఎక్కువగా వెళ్లే మంటల చోటు వేరే ఉంది. హిబాచీ. పుట్టినరోజొస్తే చాలు, నడవండి హిబాచీకి! పెద్ద ఇనప పెనం చుట్టూ కూర్చుంటే ఎదురుగా వంటవాడు ఉల్లిపాయ చక్రాలని గోపురంలా పేర్చి నిప్పంటిస్తాడు. అగ్నిపర్వతం బద్దలైనట్టే! జపాన్‌లోని కోబె నగరంలో 1945లో మొదలైన ఇనప పెనం వంటకి, 1964లో న్యూయార్క్‌లో బెనిహానా తెరిచిన రాకీ ఆవోకీ ఈ సర్కస్ అంతా జోడించి ఊరూరా తీసుకెళ్లాడు. ఇక్కడ మంట తినడానికి కాదు, చూడటానికి. కాకపోతే ఒకే పెనంమీద మీ కూరగాయలూ పక్కాయన రొయ్యలూ పక్కపక్కనే వేగుతాయి. ఊరినుంచి వెళ్లిన అమ్మానాన్నలు శాకాహారులైతే ఈ సంగతి బల్ల దగ్గర కూర్చున్నాక కాదు, బయల్దేరకముందే చెప్పడం మంచిది. విడిగా లోపల వండి తెచ్చేవాళ్లూ ఉంటారు, అడగాలంతే.

ఫ్రాన్సు పక్కనున్న మోంటెకార్లోలో పుట్టిన క్రేప్ సుజెట్ కథ అందరికీ తెలిసిందే. 1895లో ఇంగ్లండు యువరాజుకి పల్చటి అట్లు చేస్తుంటే పొరపాటున పెనం అంటుకుందనీ, రుచి చూస్తే అద్భుతంగా ఉందనీ ఆన్రీ షార్పాంతియే అనే వంటవాడు తర్వాత రాసుకున్నాడు. అప్పటికి ఆయన పద్నాలుగేళ్ల కుర్రాడు! యువరాజుకి వడ్డించే పని ఆ వయసు పిల్లాడికి అప్పగించారా అన్నది చాలామంది అనుమానం.

అంతా ఆవిరైపోతుందా?

ఇప్పుడు అసలు విషయం.

'ఒరేయ్, అందులో ఏం పోశాడ్రా?'

'ఏం కాదమ్మా, మంటకి అంతా ఆవిరైపోతుంది. తినేసెయ్.'

ఇలాంటి సంభాషణ ప్రతి బల్ల దగ్గరా జరిగేదే. కొడుకు అబద్ధమాడటం లేదు, అతనికీ ఎవరో అలాగే చెప్పారు. కానీ నిజం అది కాదు. 1992లో అమెరికా శాస్త్రవేత్తలు వండిన పదార్థాల్లో ఆల్కహాల్ ఎంత మిగులుతుందో కొలిచి చూశారు. మంటపెట్టిన వంటకంలో 75 శాతం అలాగే ఉండిపోయింది! రెండున్నర గంటలు ఉడికించిన దాంట్లో కూడా 5 శాతం మిగిలింది. కారణం సులువే. అక్కడ కాలేది ద్రవం కాదు, పైకి లేచే ఆవిరి. ఆవిరి పల్చబడగానే మంట ఆరిపోతుంది. పాకంలో కలిసిపోయింది కిందే ఉండిపోతుంది.

అయితే ఎంతని? బనానాస్ ఫోస్టర్ నలుగురికి చేస్తే పావు కప్పు రమ్, మరో పావు కప్పు లిక్కర్ పడుతుంది. మనిషి వాటాకి రమ్ ఒక పెద్ద చెంచాడు. మత్తెక్కేంత కాదు. కానీ వ్రతమో మతనియమమో ఉండి ముట్టనివాళ్లకి చెంచాడైనా ఒకటే, సీసా అయినా ఒకటే. కొన్ని మందులు వాడేవాళ్లూ, మద్యం మానేసి గట్టిగా నిలబడ్డవాళ్లూ, గర్భిణులూ, పిల్లలూ... వీళ్లకి 'ఏం కాదు తినెయ్' అనే హక్కు పక్కనున్నవాళ్లకి లేదు. చూడ్డం అందరూ చూడొచ్చు. తినేటప్పుడు వాళ్లకి విడిగా ఐస్‌క్రీమ్ తెప్పించండి.

రెండో సంగతి మంటే. 2023 ఏప్రిల్‌లో మాడ్రిడ్‌లోని ఓ రెస్టారెంటులో బల్ల దగ్గర వంటకానికి పెట్టిన నిప్పు ప్లాస్టిక్ పూల అలంకరణకి అంటుకుని ప్రాణాలు పోయాయి. కాబట్టి లోపలికెళ్లగానే ఓసారి పైకి చూడండి. తలమీద కాగితప్పూలూ ప్లాస్టిక్ తీగలూ వేలాడుతుంటే అక్కడ ఫ్లాంబే అడగకండి. బయటికి దారెక్కడుందో గమనించండి. సిల్కు చీర పైటా, పిల్లల నైలాన్ గౌన్లూ, వేలాడే చున్నీలూ పెనానికి దూరంగా ఉండాలి. మంట మీదికి సీసా నుంచే సరాసరి పోస్తున్న సర్వర్ కనిపిస్తే కుర్చీ వెనక్కి జరపండి. పని తెలిసినవాడు ముందే గరిటెలోకి కొలుచుకుని, సీసా పక్కన పెట్టేసి, అప్పుడు వెలిగిస్తాడు. ఇంట్లో చేసి చూద్దామన్న సరదా ఉంటే... వద్దు.

మన దగ్గరైతే

కుటుంబాలు వెళ్లే మామూలు రెస్టారెంట్లలో మద్యం లైసెన్సు ఉండదు. అందుకే అసలు ఫ్లాంబే కావాలంటే బార్ ఉన్న పెద్ద హోటళ్లలోనే వెతకాలి. హోటల్ మేనేజ్‌మెంట్ కోర్సుల్లో ఈ బల్ల దగ్గరి వడ్డన ఇప్పటికీ పాఠమే కాబట్టి చేయగలిగినవాళ్లకి కొదవలేదు, అడిగేవాళ్లే తక్కువ. ముందురోజు ఫోన్ చేసి 'మా బల్ల దగ్గరే చేస్తారా, లోపల చేసి తెస్తారా?' అని సూటిగా అడగండి. మెనూలో ఫ్లాంబే, ఫోస్టర్, సుజెట్, జూబిలీ అన్న మాటలుంటే ఆశ పెట్టుకోవచ్చు. క్రెమ్ బ్రూలే చూసి మోసపోకండి. దాని పైపొరని వంటింట్లోనే కాల్చేసి తెస్తారు. సిజ్లింగ్ బ్రౌనీ కూడా అంతే. కాలిన ఇనప పళ్లెం మీద చాక్లెట్ పాకం పోస్తే వచ్చే చప్పుడూ పొగా తప్ప మంట లేదు. అయితే మద్యం అక్కర్లేని తమాషా కావాలనుకునే ఇంటిల్లిపాదికీ అదే నయం. పళ్లెం అంచు ముట్టుకోకుండా పిల్లల చేతులు పట్టుకుంటే చాలు.

పొగల తమాషాతో మాత్రం జాగ్రత్త. 2024 మార్చిలో గురుగ్రామ్‌లోని ఓ హోటల్లో మౌత్ ఫ్రెషనర్ అనుకుని డ్రై ఐస్ నోట్లో వేసుకున్నవాళ్లు రక్తం కక్కుకుని ఆసుపత్రి పాలయ్యారు. ఆ మరుసటి నెలలోనే పొగబిస్కెట్ల గొడవ వచ్చి, ద్రవ నత్రజనిని తినేవాటిలో నేరుగా కలిపి ఇవ్వొద్దని తమిళనాడు ఆంక్షలు పెట్టింది. మంటైతే కనీసం కనిపిస్తుంది. ఈ చల్లటి పొగ కాల్చేదాకా తెలియదు.

డిసెంబరులో అయితే వెతుకులాట కొంచెం తేలిక. క్రిస్మస్ విందులు పెట్టే పెద్ద హోటళ్లలో బ్రాందీ పోసి వెలిగించే ఇంగ్లీషు పుడ్డింగ్ ఉందేమో కనుక్కోండి. ఉందంటే వెలిగించే వేళ ఎప్పుడో కూడా అడిగి, పది నిమిషాల ముందే వెళ్లి ముందు వరసలో నిలబడండి. ఆ మంట ఎంతోసేపు ఉండదు.