ఆటల పిల్లల వెంట పెద్దలు



ఆటల శిక్షణకు పోయే పిల్లల రక్షణను గురించి తమ పత్రికాముఖంగా కొన్ని సంగతులు మనవి చేయదలచాను.

నేను ప్రభుత్వ కచేరీలో గుమాస్తాగా పనిచేసి రిటైరైనవాడను. మా మనుమరాలికి పదునాలుగేండ్లు. బరువులెత్తే పోటీలకు తయారవుతున్నది. ఈమధ్య ఇక్కడి శిక్షణ సంస్థ ఒకటి, శిబిరాలలోను ప్రయాణాలలోను పిల్లలు ఎట్లు జాగ్రత్తగా ఉండాలో బోధించడానికి ఒక తరగతి పెట్టింది. ఒక్కొక్క పిల్లతో ఒక పెద్ద రావలెనన్నారు. తీరా పోతే మమ్ములను వరండాలో కూర్చోబెట్టి తలుపు వేసుకొన్నారు. లోపల బోధన కొంత ఇంగ్లీషులో, కొంత ఒడియాలో సాగింది. చివరకు ‘పెద్దలకు అన్నీ వివరించబడినవి’ అన్న కాగితం మీద సంతకాలు అడిగారు. వినని దానికి సంతకం పెట్టనని నేను చెప్పవలసివచ్చింది.

చట్టం ఉద్దేశం ఇది కాదు. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం 18 ఏండ్లు నిండనివారందరూ పిల్లలే. నేరం జరిగినట్లు తెలిసినవారు పోలీసులకు చెప్పితీరాలి. సంస్థను నడిపేవారు తమ కింది ఉద్యోగి చేసిన నేరాన్ని దాచితే ఏడాది వరకు జైలుశిక్ష ఉన్నది. 2020 నాటి నియమాలు క్రీడా అకాడమీలను పేరుపెట్టి చెప్పి, సిబ్బంది పూర్వచరిత్రను పోలీసుల ద్వారా విచారించాలనీ, వారికి అప్పుడప్పుడు శిక్షణ ఇవ్వాలనీ విధించినవి. 2022లో ఒక సైక్లింగు క్రీడాకారిణి విదేశంలోని శిబిరంలో తన శిక్షకునిపై ఫిర్యాదు చేసిన పిమ్మట, మహిళలున్న జట్టు వెంట మహిళా శిక్షకురాలు తప్పక ఉండాలని భారత క్రీడా ప్రాధికార సంస్థ ఉత్తరువు చేసింది. 2023 జనవరిలో పేరుగన్న మల్లయోధులే తమ మొర వినిపించడానికి ఢిల్లీ జంతర్ మంతర్ వద్ద కూర్చోవలసివచ్చింది. పతకాలు తెచ్చినవారి గతి అదయితే, జట్టులో చోటు కోసం శిక్షకుని ముఖం చూచే పదునాలుగేండ్ల పిల్ల నోరు విప్పగలదా?

పెద్దలు పక్కనుంటే పిల్లలు సిగ్గుపడి మాట్లాడరని కొందరంటారు. అందులో నిజం లేకపోలేదు. కనుక సగం తరగతి పిల్లలకు విడిగా, సగం ఉభయులకు కలిపి జరపడం మేలు. వెంట వచ్చిన పెద్ద కూడ పిల్లను అడిగిన ప్రశ్నకు తాను జవాబు చెప్పరాదు. ‘నీవేం చేశావు?’ అని గద్దించక, పిల్ల చెప్పేది చివరిదాకా వినడం పెద్దలు నేర్చుకోవలసిన మొదటి పాఠం. శిక్షకులందరినీ అనుమానించాలని నా ఉద్దేశం కాదు. కంచే చేను మేసే చోట నలుగురి కన్ను ఉండాలి. ఆ కన్ను మంచి శిక్షకునికి కూడ రక్షణే.

అధికారులకు నా మనవి ఇది. (1) తరగతులు ఆదివారం పెట్టాలి. కూలిపనివారు మరొకనాడు రాలేరు. (2) బరంపురం, బళ్లారి, హోసూరు, షోలాపూరు వంటి చోట్ల, బళ్ళో పిల్లలు ఏ భాష చదివినా, ఇంట్లో అమ్మమ్మలకు, నాయనమ్మలకు తెలిసినది తెలుగే. కనుక తెలుగులో చెప్పాలి, తెలుగు కాగితమే ఇవ్వాలి. (3) రాత్రి బస ఉన్న పోటీలకు ఆడపిల్లల వెంట ఒక తల్లినో అత్తనో పంపి, ఆమె దారిఖర్చు సంస్థే భరించాలి. (4) శిక్షకుడు పిల్లలకు ఫోనులో పంపే కబురు పెద్దలకు కూడ చేరాలి. (5) ఫిర్యాదు వినే వ్యక్తి పేరు, పిల్లల సహాయానికి ఉన్న 1098 నంబరు మైదానం గోడమీద తెలుగులో వ్రాయించాలి.

ఇందుకు పెద్ద ఖర్చేమీ లేదు. సంతకాలు సేకరించడంతో సరిపెట్టక, పెద్దలను లోపలికి పిలిచి కూర్చోబెడతారని ఆశిస్తున్నాను.

ఇట్లు,
ఒక రిటైర్డు గుమాస్తా,
బరంపురం (గంజాం జిల్లా)