మన పొలాల నీటి కింద ఒక నగరం

మా మద్రసా పూర్వవిద్యార్థి ఒకడు కంబోడియా వెళ్ళి వచ్చి సియమ్ రీప్ పట్టణం గురించి పిల్లలకు వివరించాడు. పగలంతా అంకోర్ ఆలయ శిథిలాలు, రాత్రంతా దీపాల బజారు. ఆ శిథిలాలను చూడవచ్చేవారితోనే ఆ ఊరు బతుకుతున్నదట. "మన వైపు అటువంటిది లేదా, హజ్రత్?" అని ఒక కుర్రవాడు అడిగాడు. ఉన్నదన్నాను. మరుసటి వారమే ఫజ్ర్ నమాజు ముగించుకొని నాదెండ్ల నుండి బస్సులో బయలుదేరాము. బౌద్ధ విహారాలు మద్రసా పిల్లలకెందుకని ఒక తండ్రిగారు సందేహించారు. చరిత్రను పుస్తకంలో చదివించడానికి జంకని మనం దానిని కళ్ళతో చూపించడానికి జంకడం ఎందుకని అడిగాను. ఆయనే టిఫిన్ కట్టించి పంపారు.

మాచర్ల చేరేసరికి ఎండ ముదిరింది. నాపరాళ్ళ లారీలు, మిరప బస్తాలు, బస్టాండు కేకలు: సందడికి కొదవలేదు. టీ కొట్టు వద్ద ఒక వృద్ధుడు మా ప్రయాణం సంగతి తెలుసుకొని, "లాంచీ మా ఊరి మీదుగానే పోతుంది, సాయిబుగారూ" అన్నాడు. ఆ మాట పిల్లలకు అప్పుడు అర్థం కాలేదు.

విజయపురి సౌత్‌లో లాంచీ ఎక్కాము. చుట్టూ నీరే. ఈ నీటి అడుగున క్రీ.శ. 3, 4 శతాబ్దాలలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి విలసిల్లింది. సింహళ భిక్షువులకు ఇక్కడ ప్రత్యేకంగా ఒక విహారం ఉండేది. శాసనాలలో కాశ్మీరం, గాంధారం, వంగం పేర్లు కనిపిస్తాయి. మహాచైత్యానికి ప్రధాన దాత ఒక స్త్రీ, రాజు చాంతమూలుని సోదరి చాంతిసిరి. (మన ఇళ్ళలోని ఆడపిల్లలకు ఈ సంగతి తప్పక చెప్పండి.)

1926లో ఈ శిథిలాలు వెలుగుచూశాయి. 1955 డిసెంబరు 10న నెహ్రూ సాగర్ ఆనకట్టకు శంకుస్థాపన చేశారు. లోయ మునుగుతుందని తెలిసి 1954 నుండి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వాన హడావిడిగా తవ్వకాలు జరిగాయి. కొన్ని కట్టడాలను కొండమీదికీ, కొన్నింటిని అనుపుకూ తరలించి తిరిగి పేర్చారు. కొండ ద్వీపమైంది, దానిమీద మ్యూజియం వెలసింది. అనుపులో మెట్ల మెట్లుగా ఉన్న రంగస్థలం మీద పిల్లలు కూర్చొని ఒకరినొకరు పిలుచుకొని ప్రతిధ్వని వెతికారు. రాళ్ళనైతే మోసి తెచ్చారు. లోయలోని పల్లెలవారు మాత్రం ఇళ్ళు, పొలాలు, పెద్దల సమాధులు విడిచి కట్టుబట్టలతో కదలవలసి వచ్చింది. 1967లో కాలువలకు నీరు వదిలారు.

జుహర్ వేళ ఆ జలాశయపు ఒడ్డునే వుజూ చేసుకున్నాము. "హజ్రత్, ఆ తాతగారి ఊరు ఇక్కడేనా?" అని ఒక పిల్లవాడు నీళ్ళలో చేతులుంచి ఆగిపోయాడు. ఎక్కడో ఇక్కడే, అన్నాను. అంతకంటే ఏమి చెప్పగలను? ఆ వృద్ధుని ఊరిపేరైనా అడగనందుకు నాకే సిగ్గు కలిగింది.

తిరుగు ప్రయాణంలో మాచర్లలో ఆగి చూశాము. టీ కొట్టు మూసి ఉంది. నరసరావుపేట దాటాక కాలువ వంతెన వద్ద బస్సు కాసేపు నిలిచింది. కుడికాలువ నీరు నిండుగా పారుతున్నది. ఆ పిల్లవాడు కిటికీలోంచి దానినే చూస్తున్నాడు. వాళ్ళ నాన్న ఈ నీటి కిందే రెండెకరాల మిరప వేశాడు.