పండుగ సెలవుకు కూలి ఏదీ?

సంక్రాంతి వచ్చిందంటే గుంటూరు మిర్చి యార్డుకు వరుస సెలవులు ప్రకటిస్తారు. అవి శని, ఆదివారాలతో కలిసివస్తే యార్డు మరిన్ని రోజులు మూతపడుతుంది. ఆ రోజుల్లో రైతులు సరుకు తేవద్దని ముందుగానే చెబుతారు. వ్యాపారులు, గుమాస్తాలు, ఉద్యోగులు బిడ్డాపాపలతో ఊళ్లకు వెళతారు. పండుగ అందరిదీ కాబట్టి సెలవు ఇవ్వడాన్ని ఎవరూ తప్పుపట్టరు. కాని ఆ సెలవు అందరికీ ఒకే రకంగా ఉండడం లేదన్న సంగతి గమనించాలి.

నెల జీతం తీసుకునేవారికి సెలవునాడు జీతం ఆగదు. టిక్కీ మోస్తేనే కూలి దక్కే హమాలీకి యార్డు గేటు మూసిన రోజు చేతికి పైసా రాదు. కిలోల లెక్కన తొడిమలు తీసే స్త్రీలదీ అదే స్థితి. రెక్కాడితేగాని డొక్కాడని వీరికి పండుగ ఖర్చు పెరిగే రోజుల్లోనే రాబడి ఆగిపోతుంది. పిల్లలకు కొత్త బట్టలు, ఇంటికి వచ్చే అల్లుడికి మర్యాద, అరిసెలకు బెల్లం, నెయ్యి అన్నీ అప్పుమీదే. యజమానికి విశ్రాంతినిచ్చే సెలవు కూలివానికి అప్పు మిగులుస్తున్నది.

పండుగకు పనివారిని మన్నించడం ఈ ప్రాంతానికి కొత్తది కాదు. సాలు జీతానికి పాలేర్లు పనిచేసిన రోజుల్లో ఏడాదికి ఇంత ధాన్యం, ఇన్ని జతల బట్టలు, చెప్పులు, గొంగడి అని ముందే మాట్లాడుకొనేవారు. కళ్లం మీద ధాన్యం కొలిచేటప్పుడు చాకలికి, మంగలికి, వడ్రంగికి, కమ్మరికి మేర తీసేవారు. పెద్ద పండుగకు పిండివంటలు పంచేవారు. ఈ ఏర్పాటును ఇప్పుడు కొందరు ముచ్చటగా తలుచుకుంటారు. అందులో ముచ్చట కొంతే. ఇచ్చేవాడి చేయి పైన, పుచ్చుకునేవాడి చేయి కింద ఉండేవి. పాత బాకీ తీరక ఏళ్ల తరబడి ఒకే ఇంట చాకిరీ చేసినవారు ఎందరో ఉన్నారు. వెట్టిచాకిరీని నిషేధిస్తూ 1976లో పార్లమెంటు చట్టం చేయవలసి వచ్చిందంటే కారణం అదే. పాత కట్టుబాటులో చెడు పోవలసిందే. అయితే దానితోపాటు, పండుగనాడు పనివాని ఇంట పొయ్యి వెలిగిందా లేదా అని చూసుకునే బాధ్యత కూడా పోయింది.

కనుమ పండుగలోని అర్థాన్ని రైతులు ఒకసారి తలచుకోవాలి. ఏడాది పొడుగునా అరక లాగిన ఎద్దుకు ఆ రోజు పని చెప్పరు. కడిగి, కొమ్ములకు రంగువేసి, మెడలో గంటలు కట్టి, పొంగలి పెడతారు. పని లేదు గదా అని ఆ రోజు మేత మానరు. కనుమనాడు కాకి కూడా కదలదని సామెత. నోరులేని పశువుకు ఒక రోజు విశ్రాంతీ, ఆ రోజు కడుపు నిండా మేతా ఇవ్వడం ధర్మమని మన పెద్దలు భావించారు. నోరున్న మనిషికి విశ్రాంతి ఇచ్చి మేత ఆపడం ఏ ధర్మమో ఆలోచించవలసి ఉంది.

బోనస్ అనే మాట వినగానే అది పెద్ద పెద్ద ఫ్యాక్టరీల సంగతి అని కొట్టిపారేసేవారు ఉన్నారు. దాని కథకు మన పత్తితో దగ్గరి సంబంధమే ఉంది. 1917లో అహమ్మదాబాదులో ప్లేగు వచ్చినప్పుడు మిల్లు కూలీలు ఊరు విడిచి పోకుండా యజమానులు ప్లేగు బోనస్ ఇచ్చారు. జబ్బు తగ్గగానే 1918లో దాన్ని ఆపేశారు. ధరలు చూస్తే మండిపోతున్నాయి. కూలీలు 35 శాతం పెంపు కోరారు. గాంధీజీ వారి పక్షాన నిలిచి ఆ మార్చి నెలలో నిరాహారదీక్ష పట్టారు. చివరకు మధ్యవర్తి తీర్పులో ఆ 35 శాతమే దక్కింది. యజమాని ఇష్టపడి ఇచ్చిన బోనస్ ఆయన ఇష్టపడనప్పుడు పోతుందని ఆ ఉదంతం తేటతెల్లం చేసింది.

ఈ సంగతి గుర్తించడం వల్లే 1965లో బోనస్ చట్టం వచ్చింది. గరిష్ఠ బోనస్ 20 శాతం అని, తరువాత కనీసం 8.33 శాతం అని నిర్ణయమైంది. 8.33 శాతం అంటే పన్నెండో వంతు. అనగా ఏడాది మొత్తానికి ఒక నెల జీతం అదనం. 2019లో పార్లమెంటు ఆమోదించిన వేతనాల కోడ్‌లోనూ ఈ నిష్పత్తి మారలేదు. చట్టం వర్తించే సంస్థలో ఏడాదికి కనీసం 30 రోజులు పనిచేసినవారు బోనస్‌కు అర్హులు. పత్తి సీజనులో జిన్నింగు మిల్లులో రెండు మూడు నెలలు పనిచేసేవారు ఈ 30 రోజుల మాట గుర్తుంచుకోవాలి. సీజను కూలీకి బోనస్ ఏమిటని ఎవరైనా అంటే ఆ మాటకు చట్టంలో ఆధారం లేదు.

సెలవులకు కూడా చట్టం ఉంది. ఫ్యాక్టరీలు, దుకాణాలలో జాతీయ, పండుగ సెలవుల కోసం 1974లో మన రాష్ట్రంలో ప్రత్యేక చట్టం వచ్చింది. ఆ సెలవులకు వేతనం ఇవ్వాలి. సెలవునాడు పని చేయించుకుంటే రెట్టింపు వేతనమైనా ఇవ్వాలి, లేదా వేతనంతోపాటు బదులుగా మరో రోజు సెలవైనా ఇవ్వాలి. కాని ముఠాలో పనిచేసే హమాలీ ఎవరి ఉద్యోగి? కమీషన్ వ్యాపారిని అడిగితే ముఠా మేస్త్రిని చూపుతారు. మేస్త్రి కొనుగోలుదారుని చూపుతాడు. యార్డు తమకు సంబంధం లేదంటుంది. పదిమందికి పని చేసేవాణ్ణి తనవాడనేవాడు ఒక్కడూ లేడు. చట్టాలు ఉన్నా హమాలీ దాకా రాకపోవడానికి కారణం ఇదే.

దీనికి మార్గం లేదనుకోవడం పొరపాటు. మహారాష్ట్రలో హమాలీలు ఏళ్ల తరబడి పోరాడిన ఫలితంగా 1969లో మాథాడీ హమాలీల చట్టం వచ్చింది. అక్కడ వ్యాపారులు కూలీ సొమ్ముతోపాటు దానిమీద కొంత లెవీని ఒక బోర్డుకు కడతారు. ఏ హమాలీ ఏ వ్యాపారికి ఎంత మోశాడన్నది బోర్డు లెక్క. కూలీ సొమ్మును బోర్డే నెలనెలా పంచుతుంది. లెవీ సొమ్ములోంచి ప్రావిడెంట్ ఫండు, బోనస్, వేతనంతో కూడిన సెలవులు వంటివి అందుతాయి. యజమాని ఒకడు కాకపోయినా హక్కు పోకుండా చేసిన ఏర్పాటు ఇది. కేరళలో కూడా 1978లో మోత కూలీలకు చట్టం వచ్చింది. ఇటీవలి సంవత్సరాల్లో ఆ రాష్ట్రం ఉపాధి హామీలో 100 రోజులు పూర్తిచేసిన కూలీలకు ఓణం పండుగకు వెయ్యి రూపాయల బత్తెం ఇచ్చింది. సముద్రాల అవతల ఫిలిప్పీన్స్ దేశంలో 1975 నుంచి పదమూడో నెల జీతం చట్టబద్ధం. క్రిస్మస్ ముందు రోజైన డిసెంబరు 24లోగా అది చేతికి రావాలి. చేసిన పనిని బట్టి కూలి తీసుకునేవారికీ అది వర్తిస్తుంది. పండుగ గడిచాక ఇచ్చే సొమ్ము పండుగకు పనికిరాదని అక్కడి ప్రభుత్వం గ్రహించింది.

గుంటూరులో ఇది సాధ్యం కాదా? ఎంత సరుకు వచ్చింది, ఎన్ని టిక్కీలు దిగాయి, ఎన్ని కాటా పడ్డాయి, ఎన్ని లారీలకెక్కాయి అన్న లెక్క యార్డులో రోజూ ఉంటుంది. రైతుకిచ్చే పట్టీలో కమీషన్ వేరుగా, హమాలీ ఖర్చు వేరుగా కనబడుతుంది. కాబట్టి లెక్క తెలియదనడానికి వీల్లేదు. హమాలీకి 12 రూపాయలు చెల్లించిన ప్రతిసారీ మరొక్క రూపాయి పక్కన పెడితే పన్నెండో వంతు అవుతుంది. సీజనులో 60,000 రూపాయలు సంపాదించిన హమాలీకి ఈ లెక్కన 5,000 రూపాయలు జమపడతాయి. భోగికి ముందు ఆ సొమ్ము చేతిలో పెడితే ఆ ఇంట పండుగ అప్పు లేకుండా గడుస్తుంది. ఈ భారం రైతు పట్టీలో కోతగా మారకూడదు. కొనుగోలుదారులు, ఎగుమతి వ్యాపారులు, కమీషన్ దుకాణాలవారు పంచుకోవాలి. ఆసియాలోకెల్లా పెద్ద మిర్చి మార్కెట్ అని గర్వంగా చెప్పుకునేవారికి ఇది మోయలేని బరువేమీ కాదు.

యార్డు గేటు బయట పొలాల్లో ఉన్నవారి సంగతి మరొకటి. కోసిగి, మంత్రాలయం, పెద్దకడుబూరు, ఆదోని వైపు నుంచి వేలాది కుటుంబాలు పత్తితీతకూ మిరప కోతకూ ఏటా ఈ మెట్ట ప్రాంతాలకు వస్తున్నాయి. చేల గట్లమీద పట్టాల గుడారాలు వేసుకుని కాపురం ఉంటాయి. సంక్రాంతి సరిగ్గా కోతలు సాగే కాలంలో వస్తుంది. ఊళ్లో ముగ్గులు, హరిదాసులు, కోడిపందేల సందడి ఉంటే గుడారంలో మామూలు రోజే. బడి మానుకుని తల్లి వెంట వచ్చిన పిల్లలు సాళ్లలో తిరుగుతుంటారు. పొద్దంతా కాయ కోసిన తల్లి చేతుల మంట రాత్రికి కూడా చల్లారదు. ఆ చేతులతో బిడ్డను ఎత్తుకోవడానికి కూడా వెనకాడవలసిందే.

ఇక్కడ రైతు వాదన కూడా వినాలి. మిరప రైతు నిత్యం లాభాల్లో ఉన్నాడని ఎవరూ అనలేరు. 2017లో ధర పడిపోయి క్వింటాలు 5,000 రూపాయలకు కొనిపించే పథకం పెట్టవలసి వచ్చింది. 2021-22లో నల్ల తామరపురుగు తోటలను పూతలోనే ఊడ్చేసింది. 2025 ఫిబ్రవరిలో ధరలు కూలితే ఢిల్లీ చుట్టూ తిరగవలసి వచ్చింది; చివరకు క్వింటాలుకు 11,781 రూపాయల మద్దతు ప్రకటించారు. కౌలు కట్టి, పురుగుమందుల దుకాణంలో అప్పుపెట్టి, వడ్డీ లెక్కలు వేసుకుంటున్న రైతును బోనస్ ఇమ్మంటే గోరుచుట్టుపై రోకటిపోటే. ఆ మాట నిజమే. మూడెకరాల కౌలు రైతునూ కోల్డ్ స్టోరేజి యజమానినీ ఒకే తక్కెడలో తూచడం న్యాయం కాదు.

అయితే చిన్న రైతు చేయగల పనులూ లేకపోలేదు. మొదటిది, భోగికి ముందు రోజుకు కూలి బాకీ మిగలకుండా లెక్క తేల్చడం. అది కూలీలు చెమటోడ్చి సంపాదించుకున్న సొమ్మే కాబట్టి రైతుకు అదనపు ఖర్చు లేదు. సరుకు అమ్మాక ఇస్తానని పండుగ దాటించడమే అసలు అన్యాయం. రెండవది, కాటాలో న్యాయం. కిలోల లెక్కన కోసే పత్తికి, కాయకు తడి అని, చెత్త అని ఇష్టం వచ్చినట్లు తరుగు తీయకుండా కూలీల కళ్లెదుటే తూచాలి. మూడవది, గుడారంలో ఉన్న కుటుంబానికి పండుగ పూట బియ్యం, పప్పు, బెల్లం పంపడం. ఒక బస్తా ఎరువు ధర కంటే ఇది ఎక్కువ కాదు. నాలుగవది, కోతలు ముగిసి ఉగాది నాటికి తిరుగుముఖం పట్టేవారికి దారి ఖర్చులు. మళ్లీ ఏడు కోతకు మనుషులు దొరకడం లేదని వాపోయే రైతులు, ఎవరి చేనుకు కూలీలు వెతుక్కుంటూ వస్తున్నారో గమనిస్తే వారికే తెలుస్తుంది.

పండుగనాడు చీర, స్వీటు ప్యాకెట్టు పంచి ఫోటో దిగే ఆనవాయితీ ఈ మధ్య పెరిగింది. ఇవ్వడం మంచిదే. కాని ఏడాది కూలి సరిగా ముట్టని చేతికి చీర ఇస్తే ఆ చీర లోపాన్ని కప్పదు. గౌరవం ముందుగా లెక్కలో కనిపించాలి. ఆ తరువాత కానుకలో కనిపిస్తే ఇంకా బాగుంటుంది. పేరు పెట్టి పిలవడం, వయసు చూసి మాట్లాడడం, దాహానికి అందరితోపాటు అదే కుండలోంచి నీళ్లివ్వడం కూడా గౌరవంలో భాగాలే. వీటికి ఏ చట్టమూ అక్కరలేదు.

ప్రభుత్వం, మార్కెట్ కమిటీ చేయవలసిన పనులు మూడు ఉన్నాయి. యార్డులో, కోల్డ్ స్టోరేజీలలో పనిచేసే హమాలీలందరి పేర్లూ, తొడిమలు తీసే స్త్రీల పేర్లూ నమోదుచేసి గుర్తింపు కార్డులివ్వాలి. కూలీమీద పన్నెండో వంతు లెవీ వసూలుచేసి సంక్రాంతికి ముందు పంచే పద్ధతి పెట్టాలి. వలస కూలీలు దిగే గ్రామాల్లో తాగునీరు, వైద్యం, పిల్లలకు బడి ఏర్పాట్లు కోతలకు ముందే చూడాలి. ఇందులో మొదటి పనికి ఖర్చు స్వల్పం, రెండవదానికి ఖజానా సొమ్ము అక్కరలేదు. వ్యాపార సంఘాలూ, హమాలీ సంఘాలూ, రైతు ప్రతినిధులూ ఒక చోట కూర్చుంటే లెవీ ఎంతో, ఎవరెంత కట్టాలో తేల్చుకోవడం కష్టం కాదు. వచ్చే సంక్రాంతికి సెలవుల జాబితాతోపాటు ఆ సెలవులకు కూలి ఎవరు చెల్లిస్తారో కూడా యార్డు నోటీసు బోర్డుమీద కనిపించాలి.