ఏడవమని అడగని తస్వీర్

2020లో రవివర్మ పెయింటింగుల కేలండర్ ఒకటి వచ్చింది, గుర్తుందా? సమంత, రమ్యకృష్ణ, శ్రుతి హాసన్ లాంటివాళ్లు ఆ పాత తస్వీరుల్లోలా ముస్తాబై నిలబడితే జి. వెంకట్రామ్ ఫోటోలు తీశాడు. మా ఇంట్లోనూ ఫోన్ చేతులు మారింది. అవే చీరలు, అవే నగలు, అదే నిలబడే తీరు. అసలేదో నకలేదో పోల్చి చూసుకుని అందరం వాహ్ అన్నాం. నేనూ అన్నాను. కానీ నకల్ చేయడం అంటే అంతేనా అనే సవాల్ నన్ను వదల్లేదు. జవాబు లండన్ ఫోటో ఒకదానిలో దొరికింది.

తూర్పు లండన్‌లో హాక్నీ అనే ఇలాఖా. అక్కడ ఖాళీగా పడున్న ఇళ్లలో అప్పట్లో కొందరు చేరి, బాగుచేసుకుని బతికేవాళ్లు. మన పత్రికల జబాన్‌లో ఆక్రమణదారులు. ఫోటోగ్రాఫర్ టామ్ హంటర్ కూడా వాళ్లలో ఒకడే. ఖాళీ చేయమని అదాలత్ కాగితాలు వచ్చాయి. వాటి మీద ఎవరి పేరూ లేదు. ‘తెలియని వ్యక్తులు’ అని ఉంది. ఉర్దూ అఖ్బార్లు రాసే ‘నామాలూమ్ అఫ్రాద్’ అన్నమాట.

హంటర్ 1997లో తన పడోసీ ఒకామెను కిటికీ దగ్గర నిలబెట్టి, ఆ కాగితం చదువుతుండగా ఫోటో తీశాడు. 1650ల చివర్లో డచ్ చిత్రకారుడు వెర్మీర్ వేసిన బొమ్మకు అది నకల్. వెర్మీర్ బొమ్మలో ఒక అమ్మాయి తెరిచిన కిటికీ దగ్గర ఖత్ చదువుతూ ఉంటుంది. ముందు పళ్ల పళ్లెం. అసలు బొమ్మ జర్మనీలోని డ్రెస్డెన్‌లో ఉంది. వెనక గోడ మీద ఎవరో రంగు పూసి కప్పేసిన మన్మథుడి బొమ్మను శుభ్రంచేసి 2021లో మళ్లీ చూపించారు. అంటే అది ఇష్క్ నింపుకున్న ఖత్.

హంటర్ ఎడమ కిటికీ నుంచి పడే రోష్నీని అలాగే ఉంచాడు. వంచిన తల అదే, ఖామోషీ అదే. మార్చినవాటిలో ముఖ్యమైనవి రెండు. పళ్లెం ఉన్నచోట పసిబిడ్డ, ప్రేమలేఖ ఉన్నచోట ఇల్లు ఖాళీ చేయమనే హుకుం. నకల్‌కు జాన్ పోసింది ఆ రెండే.

ఇది చూసినప్పుడల్లా నాకు నా గునాహ్ యాద్‌కొస్తుంది. ఇరవై ఏళ్ల కిందట, కొత్తగా రిపోర్టరునైన రోజుల్లో, నాలా పక్క బస్తీ ఒకటి కూలగొడుతుంటే వెళ్లాను. మా ఖాలా వయసున్న ఒకామె చేతిలో నోటీసు. అది తెలుగులో ఉంది. ఆమెకు వచ్చింది ఉర్దూ ఒక్కటే. “బేటా, ఇస్మే క్యా లిఖే?” అని నాకిచ్చింది. ఉర్దూ మీడియంలో చదివి తెలుగులో డిగ్రీ చేసినవాణ్ని, ఆమెకు ఆ రోజు నాకన్నా పనికొచ్చే మనిషి ఇంకెవరు? నేనేం చేశానంటే, కాగితం తిరిగి ఆమె చేతిలోనే పెట్టి, “ఖాలా, జరా ఇధర్ దేఖో” అన్నాను. ఆమె ఏడుస్తుంటే ఫోటో బాగా వస్తుందని ఆగాం. మర్నాడు తస్వీర్ అచ్చయింది. కింద రాసింది నేనే: ‘రోదిస్తున్న బాధితురాలు’. పేరు రాయలేదు, ఎందుకంటే అడగలేదు. నా కలంలో కూడా ఆమె నామాలూమ్‌గానే మిగిలింది.

గరీబీని ఇంత ఖూబ్‌సూరత్‌గా చూపిస్తే దర్ద్ తగ్గిపోదా అని మా దోస్త్ ఒకడు బహస్ చేశాడు. ఆ ఖతరా ఉంది, కాదనను. కానీ ఏడుపు ఫోటోను మనం ఒక్క క్షణం చూసి పేజీ తిప్పేస్తాం. హంటర్ ఫోటో దగ్గర ఆగుతాం. ఆగాక మన నజర్ ఆమె చేతిలోని కాగితం మీదికి పోతుంది. ఆమె మనల్ని రహమ్ అడగదు. మన వైపు చూడనైనా చూడదు. డ్రెస్డెన్ గోడ మీది అమ్మాయికి ఉన్న ఇజ్జత్ తనకూ హక్ అన్నట్టు నిలబడి చదువుకుంటుంది. ఆ ఫోటో వల్లే కౌన్సిల్‌తో మాటలు మొదలై ఇళ్లు దక్కాయని తర్వాత హంటర్ చెప్పుకున్నాడు.

కెమెరా పట్టుకున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! వెర్మీర్‌నైనా, రవివర్మనైనా నకల్ చేయండి, హర్జ్ లేదు. కానీ ఆ రోష్నీని ఎవరి ముఖం మీద వేస్తున్నారో సోంచాయించండి. మనిషి చేతిలో కాగితం ఉంటే ముందు అది చదివి చెప్పండి. పేరు అడగండి. కెమెరా ఆ తర్వాత తీయండి.