పాటల గాదె యొకటి, పద్దులు వేఱు

ఇంట నొక్క కంప్యూటరే యున్నచో దానిలోని ఖాతా తఱచుగా యజమాని పేరనో, చదువుకొను కుమారుని పేరనో యుండును. గృహిణి వారి ఖాతాలోనే తన పాటలు వినుచుండును. వేకువను వినుటకై యామె కూర్చుకొన్న త్యాగరాజ కీర్తనల పట్టికలో సాయంకాలమునకు సినిమా పాటలు చేరును. ఒక్కొకపుడు పట్టికయే మాయమగును. ఇందెవరి దుర్బుద్ధియు లేదు, అమరికయందే లోపమున్నది.

ఒకే యంత్రమున పలువురికి వేఱువేఱు ఖాతాలుండవచ్చును. ఒకరి పనిని మూయకయే మఱియొకరు తమ ఖాతాలోనికి బోవు సౌకర్యము 2001లో విండోస్ ఎక్స్‌పీతోను, 2003లో ఆపిల్‌వారి పాంథర్‌తోను వచ్చినది. అట్లు మాఱినను మొదటివారు తెఱచిన ప్రోగ్రాములు తెరవెనుక నడచుచునే యుండునని మఱువరాదు.

ఇచట నొక భేదమును గ్రహింపవలెను. గాదెలోని ధాన్యము వేఱు, దాని లెక్క వ్రాసిన పద్దుపుస్తకము వేఱు గదా! ఆపిల్‌వారి ఐట్యూన్స్‌లోను, 2019లో మాక్ యంత్రములందు దాని స్థానమున వచ్చిన మ్యూజిక్‌లోను పాటల ఫైళ్లు ధాన్యము వంటివి. లైబ్రరీ పద్దు వంటిది. ఏ పాట యెచట నున్నది, ఎన్నిమాఱులు వింటిమి, ఏ పట్టికలో జేర్చితిమి యను వివరములన్నియు నందుండును. ఒకే పద్దును ఇరువు రేకకాలమున వ్రాయబూనిన లెక్క నిలువదు. ఒకరు తెఱచియుంచిన లైబ్రరీ రెండవవారికి, తాళము వేయబడియున్నదను మాటతో, తెఱచుకొనకపోవుటయు గలదు.

కావున గాదె నుమ్మడిగా నుంచి పద్దులను వేఱుచేయుట యుత్తమము. పాటలను మాక్‌లో 'షేర్డ్' అను ఫోల్డరునందును, విండోస్‌లో 'పబ్లిక్' అను దానియందును ఉంచవలెను. పిదప నెవరి ఖాతాలో వారు ఆ ఫోల్డరును తమ లైబ్రరీకి జేర్చుకొనవలెను. అంతకు ముందే, చేర్చిన ఫైళ్లకు నకలు తీయుమను గుర్తును తొలగింపవలెను. లేనిచో ప్రతివారికి నొక్కొక్క ప్రతి యేర్పడి స్థలము వృథాయగును.

రెండు జాగ్రత్తలు మిగిలినవి. ఒకరు క్రొత్తపాటను గాదెలో వేసినంతమాత్రమున నది యితరుల పద్దు కెక్కదు. ఎవరికి వారు చేర్చుకొనవలెను. గాదెనుండి యొకపాటను తీసివైచినచో తక్కినవారి పట్టికలలో పేరు నిలుచును గాని పాట పలుకదు. కావున తీసివేయుటకు ముందు ఇంటివారి నడుగుట మర్యాద.

"ఇంట నున్న అమ్మకు వేఱు ఖాతా యేల?" యని కొందఱందురు. పోపులపెట్టె యామెది, తాళపుచెవులగుత్తి యామెది. ఇంటిల్లిపాదికిని వేళకు వలసినది అమర్చు నామె, తన మనసునకు వలసిన పాటల వరుసను మాత్రము ఒరుల దయకు విడువనేల? ఖాతా తెఱచుటకు బట్టునది కొలది నిమిషములే. ఈ పక్షముననే యొకనాడు కుమారునో కుమార్తెనో ప్రక్కన గూర్చుండబెట్టుకొని, మీ పేర నొకటి తెఱపించుకొనుడు. సంకేతపదమును మాత్రము మీరే యెన్నుకొనుడు.